ఆ నేల... ఆ గాలి... ఆ ద్రాక్ష!

తీగ ఒకటే. రోడ్డుకు ఇటు నాటితే ఒక రుచి, అటు నాటితే ఇంకో రుచి. అందుకే ఐరోపాలో చాలా వైన్ సీసాల మీద పండు పేరు కనిపించదు... ఊరి పేరే ఉంటుంది. ఏ మట్టికి ఏ ద్రాక్ష నప్పుతుందో కనిపెట్టడానికి అక్కడి రైతులకు కొన్ని వందల ఏళ్లు పట్టింది. ఇప్పుడు ముదురుతున్న ఎండలు ఆ లెక్కలన్నింటినీ తారుమారు చేస్తున్నాయి.

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతం. అందులో వోన్ రొమానీ అనే చిన్న పల్లె. ఊరి వెనక మెల్లగా పైకి లేచే వాలు నేలలో ఓ ద్రాక్షతోట. పేరు రొమానీ కోంటి. విస్తీర్ణం 1.8 హెక్టార్లు... అంటే నాలుగున్నర ఎకరాలు. మన పల్లెల్లో ఓ చిన్నకారు రైతుకు ఉండేంత! ఆ తోటలో 1945లో పండిన ద్రాక్షతో చేసిన ఒకే ఒక్క సీసా వైన్ 2018 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. అప్పటి మారకపు రేటు ప్రకారం నాలుగు కోట్ల రూపాయల పైమాటే.

అదే వాలు దిగి, పాత జాతీయ రహదారి దాటి అవతలి పొలాల్లోకి వెళ్తే అక్కడా అదే పినో నువార్ ద్రాక్ష. అదే ఎండ, అదే వాన. నడిస్తే పావుగంట దూరం. కానీ అక్కడి పంటతో చేసిన వైన్ మామూలు దుకాణంలో మామూలు ధరకే దొరుకుతుంది.

నిజమే, వేలంపాట ధరలో అరుదైన సరుకు అనే మోజు వాటా చాలానే ఉంటుంది. కానీ మోజు పుట్టకముందే, వేలంపాటలు లేని రోజుల్లోనే ఈ రెండు పొలాలూ ఒకటి కాదని అక్కడి రైతులు తేల్చేశారు. తాగేవాళ్ల గొప్పలు పక్కనపెట్టి పండించేవాళ్ల వైపు నుంచి చూస్తే, ఇది అచ్చంగా మట్టి కథ. వాతావరణం కథ.

వాలులో ఉంది మర్మం

బర్గండీలో పేరున్న తోటలన్నీ ఎక్కువగా కోట్ దోర్ అనే వాలు మీదే ఉన్నాయి. దిజాన్ నగరం దగ్గర మొదలై దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్లు సాగుతుందది. తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా తగులుతుంది. వాలు పైఅంచున మట్టి పల్చన, గాలి చల్లన. అడుగున మట్టి లోతెక్కువ, నీళ్లు నిలుస్తాయి. రెంటికీ నడుమ ఉన్న పట్టీలో సున్నపురాయీ బంకమట్టీ పొత్తు కుదిరినట్టు కలిసి ఉంటాయి. వాననీరు నిలవదు, అలాగని వేరు ఎండిపోదు. అత్యుత్తమ తోటలన్నీ ఆ నడిమి పట్టీలోనే.

ఈ తేడాలను ఏ ప్రయోగశాలా చెప్పలేదు. మధ్యయుగాల్లో ఇక్కడ తోటలు పెంచిన క్రైస్తవ సన్యాసులు ఏ మడిలో మంచు ముందు కరుగుతుందో, ఏ మడి పండు ముందు పక్వానికి వస్తుందో తరతరాలుగా చూసి హద్దులు గీశారు. అలా పేరూ హద్దూ ఉన్న ఒక్కో మడిని అక్కడ 'క్లిమా' అంటారు. ఫ్రెంచి భాషలో వాతావరణానికీ అదే మాట! ఈ వాలు మీద అలాంటివి 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మట్టికి తగిన మొక్క కోసం రాజశాసనాలే వెలువడ్డాయంటే ఆశ్చర్యం లేదు. బర్గండీ పాలకుడు ఫిలిప్ 1395లో 'గామే' అనే ద్రాక్షను తన సీమలో పండించకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. కాపు ఎక్కువే గానీ నాణ్యత లేదన్నది ఆయన కోపం. అలా వెలివేతకు గురైన గామే కాస్త దక్షిణంగా, బోజొలే కొండల్లోని గ్రానైటు నేలలో వేళ్లూనుకుంది. ఇప్పుడు ఆ ప్రాంతానికి పేరు తెచ్చింది అదే. అంటే తప్పు మొక్కది కాదు... నాటిన చోటుది.

ఆకలి పెడితేనే తీపి

వైన్‌కు వాడే ద్రాక్షలో దాదాపు అంతా ఒకే జాతి. శాస్త్రీయ నామం వైటిస్ వినిఫెరా. అందులో రకాలు మాత్రం వేలల్లో ఉన్నాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన 30 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్య ఇది బాగా పండుతుంది. కారణం ఉంది. ఈ తీగకు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోవడం అలవాటు. వసంతంలో చిగురేసి, వేసవిలో కాయ పట్టి, ఎండ తగ్గే వేళకి పండుతుంది.

పండే క్రమంలో కాయలో రెండు పనులు జరుగుతుంటాయి. చక్కెర పెరుగుతూ ఉంటుంది, పులుపు తగ్గుతూ ఉంటుంది. మరీ చలిచోట పులుపు విరగదు. మరీ ఎండచోట పులుపు త్వరగా పోయి, వాసనా రంగూ కుదిరేలోపే చక్కెర ముదిరిపోతుంది. ఆ చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి తీపి పెరిగిన కొద్దీ ఘాటూ పెరుగుతుంది. పగలు తగినంత ఎండ, రాత్రి హాయిగా చల్లదనం ఉన్నచోటే రెండూ సమంగా తూగుతాయి. ద్రాక్ష రైతు బతుకంతా ఆ త్రాసు దగ్గరే!

ఇంకో విడ్డూరం... సారవంతమైన నేల ఈ తీగకు పనికిరాదు. నీళ్లూ బలమూ పుష్కలంగా దొరికితే తీగ ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. పండును పట్టించుకోదు. కాస్త కరవు చూపిస్తే వేళ్లు లోతుకు దించి, ఆకు తగ్గించి, ఉన్న సత్తువంతా గుత్తుల్లోకి పంపుతుంది. అందుకే లోకంలోని గొప్ప ద్రాక్ష నేలలు మరో పంటకు పెద్దగా అక్కరకు రానివే.

బోర్డో ప్రాంతాన్నే చూడండి. ఫ్రాన్స్‌కు నైరుతిగా, అట్లాంటిక్ తీరానికి దగ్గరగా ఉంటుంది. జిరోండ్ నదికి ఎడమగట్టున ఉన్న మెడాక్ ఒకప్పుడు చిత్తడి నేల. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజినీర్లు కాలవలు తవ్వి నీటిని తోడేస్తే, నదులు ఎప్పుడో మోసుకొచ్చి పోసిన గులకరాళ్ల మేటలు బయటపడ్డాయి. ఆ రాళ్లు నీటిని నిలవనివ్వవు, పగటి వేడిని దాచుకుంటాయి. ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యో రకానికి ఆ వెచ్చదనం సరిగ్గా సరిపోయింది. కుడిగట్టున పోమెరోల్, సెయింట్ ఎమిలియన్ ఊళ్ల దగ్గర చల్లటి బంకమట్టి పాలు ఎక్కువ. అక్కడ కాబర్నే పండేసరికి వానలొచ్చేస్తాయి. అందుకని ముందుగా పండే మెర్లోను నమ్ముకున్నారు. నీటి వ్యవస్థ ఒకటే, గట్టు మారితే పంట మారింది!

పారిస్‌కు తూర్పున ఉన్న షాంపేన్‌ది సుద్దనేల. ఒక ఘనపు మీటరు సుద్ద 300 నుంచి 400 లీటర్ల నీటిని పీల్చుకుని దాచగలదు. వానల్లో తాగి, ఎండల్లో వేళ్లకు కొంచెం కొంచెంగా అందిస్తుంది. చలి ఎక్కువ కావడంతో అక్కడి ద్రాక్షలో పులుపు నిలుస్తుంది. బుడగలొచ్చే వైన్‌కు కావాల్సింది సరిగ్గా ఆ పులుపే.

జర్మనీలోని మోసెల్ లోయ మరీ ఉత్తరాన, 50 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మామూలుగా అయితే అక్కడ ద్రాక్ష పండకూడదు. కానీ దక్షిణం వైపు తిరిగిన నిట్టనిలువు గట్లు, కింద మెరుస్తూ ఎండను తిరిగి పైకి కొట్టే నది, పగలంతా కాగి రాత్రంతా వేడి వదిలే నల్లటి పలకరాళ్లు... ఈ మూడూ కలిసి రీస్లింగ్ ద్రాక్షను పండిస్తున్నాయి. బ్రెమ్ ఊరి దగ్గరి కాల్మాంట్ గట్టు వాలు 60 డిగ్రీలు దాటుతుంది. యంత్రం ఎక్కదు. మనిషే ఎక్కాలి.

మరి ఆ రాళ్ల రుచి నేరుగా వైన్‌లోకి వస్తుందా? చాలామంది అలాగే చెబుతారు గానీ శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. సుద్ద ముక్కో పలకరాయి పొడో పండులోకి ఎక్కదు. నేల చేసే పని వేరు... తీగకు నీరు ఎంత అందాలో, వేరుకు వెచ్చదనం ఎంత తగలాలో అదే నిర్ణయిస్తుంది. రుచిని తీర్చిదిద్దేది ఆ నియంత్రణే.

గాలి... మంచు... బూడిద

మట్టి సగమైతే మిగతా సగం పైనున్న గాలి. బోర్డోకు దక్షిణాన సోటెర్న్ అనే చోట సిరాన్ అనే చల్లటి వాగు వెచ్చని గారోన్ నదిలో కలుస్తుంది. చలి మొదలయ్యే రోజుల్లో ఆ కలయిక మీద తెల్లవారుజామున పొగమంచు లేచి తోటలను కమ్మేస్తుంది. మధ్యాహ్నానికి ఎండ కాసి ఆరిపోతుంది. ఆ తడికి పండు మీద బూజు పడుతుంది. ఎక్కడైనా బూజు పడితే రైతు నెత్తిన గుడ్డ వేసుకోవాల్సిందే. ఇక్కడ మాత్రం పండగ! బూజు పండు తొక్కకు సన్నటి చిల్లులు వేస్తే, ఎండకు నీరు ఆవిరై లోపల తేనెలాంటి తీపి మిగులుతుంది. అలా ముడుచుకున్న పండ్లనే ఏరి ఏరి, ఒకే తోటను పలుమార్లు తిరిగి కోస్తారు. పేరుపొందిన దికెమ్ తోటలో ఒక్కో తీగ నుంచి వచ్చేది ఒక్క గ్లాసుడే అంటారు. వాతావరణం సహకరించని 2012లో ఆ తోట తన పేరుతో అసలు వైనే విడుదల చేయలేదు.

అర్జెంటీనాలోని మెండోజాలో కథ పూర్తిగా తిరగబడుతుంది. ఆండీస్ పర్వతాలు పసిఫిక్ మేఘాలను అడ్డుకోవడంతో అక్కడ ఏడాదికి కురిసేది సుమారు 200 మిల్లీమీటర్ల వాన. ఎడారిలాంటి ఆ నేలకు కొండల మీది మంచు కరిగిన నీరే ఆధారం. స్పెయిన్ వాళ్లు రాకముందే హువార్పే అనే స్థానిక తెగ కాలవలు తవ్వి ఆ నీటిని పొలాలకు మళ్లించింది. తోటలు వెయ్యి మీటర్ల ఎత్తున, అంతకన్నా పైనా ఉంటాయి. ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత అర డిగ్రీకి పైగా తగ్గుతుంది కాబట్టి రాత్రుళ్లు చల్లబడి పులుపు నిలుస్తుంది. 1853లో అక్కడికి ఫ్రాన్స్ నుంచి తెచ్చిన మాల్బెక్ ద్రాక్ష పుట్టింటి కన్నా మెట్టినింట్లోనే పేరు తెచ్చుకుంది.

గాలి మరీ మొండిగా వీచే చోట్ల మనిషి తెలివి ఎంత దూరమైనా వెళ్తుంది. గ్రీసులోని శాంతోరిని దీవిలో పందిరి వేస్తే నిలవదు. అందుకని తీగను నేల మీదే బుట్టలా చుట్టి అల్లుతారు. గుత్తులు ఆ బుట్ట లోపల గాలికీ ఇసుకకూ చిక్కకుండా పెరుగుతాయి. సముద్రం మీది నుంచి వచ్చే తేమే వాటికి తాగునీరు. స్పెయిన్‌కు చెందిన లాంజరోటే దీవిలో 1730 నుంచి 1736 దాకా అగ్నిపర్వతాలు పేలి పొలాలన్నీ బూడిద కింద కూరుకుపోయాయి. రైతులు వదిలేసి పోలేదు. ఆ నల్లటి బూడిదలో గోతులు తవ్వి, ఒక్కో గోతిలో ఒక్కో తీగ నాటి, గాలి వచ్చే వైపు అర్ధచంద్రాకారంలో రాతిగోడ పేర్చారు. రాత్రి పడే మంచు తేమను ఆ బూడిద పీల్చుకుని వేరుకు అందిస్తుంది. పాడుచేసిన బూడిదే ప్రాణం పోసింది.

నిద్రపోని తీగ

ఈ లెక్కన మన దగ్గర వైన్ ద్రాక్ష పండకూడదు. మహారాష్ట్రలోని నాసిక్ ఉన్నది 20 డిగ్రీల అక్షాంశం దగ్గర. తీగను నిద్రపుచ్చేంత చలి ఉండదు. వేసవి తర్వాత కోతకొస్తే రుతుపవనాల వానలకు పండు కుళ్లిపోతుంది. అందుకే ఇక్కడి రైతు కాలచక్రాన్నే తిప్పేశాడు. ఏటా రెండుసార్లు కత్తిరింపులు. వేసవిలో ఒకసారి కత్తిరించి తీగకు కొత్త కొమ్మలు రప్పిస్తారు. వానలు వెనకబట్టాక మరోసారి కత్తిరించి పూత తెప్పిస్తారు. ఐరోపాలో తీగలు మంచులో మోడుబారి ఉండే జనవరి నుంచి మార్చి మధ్య నాసిక్‌లో కోతలు! దక్కను పీఠభూమి ఎత్తు, చలికాలపు చల్లని రాత్రులు పులుపును కాపాడతాయి. 2000లో తొలి వైన్ విడుదల చేసిన సులా సంస్థ సోవిన్యో బ్లాంక్, షెనిన్ బ్లాంక్ రకాలతో దారి చూపాక నాసిక్ చుట్టూ తోటలు పెరిగాయి.

రెండు కత్తిరింపుల పద్ధతి తెలుగువాళ్లకు కొత్తేం కాదు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద విరగకాసిన అనాబ్-ఎ-షాహీని పండించింది ఇలాగే. అది వైన్ ద్రాక్ష కాదు, తినే పండు. నగరం పెరిగి ఆ తోటల్లో చాలావరకు ఇళ్ల స్థలాలయ్యాయి. మంచి ద్రాక్ష నేలను మింగేది ఎండలొక్కటే కాదన్నమాట.

కొన్ని ముచ్చట్లు

* వైన్ తయారీకి దొరికిన అతి పాత ఆనవాళ్లలో జార్జియా దేశానివి ముఖ్యమైనవి. తవ్వకాల్లో బయటపడ్డ మట్టికుండల పెంకులు సుమారు 8 వేల ఏళ్ల నాటివని 2017లో ప్రకటించారు. పెద్ద మట్టి బానలను భూమిలో పాతి ద్రాక్షరసాన్ని పులియబెట్టే అక్కడి పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు దక్కింది.

* నల్లద్రాక్ష నుంచీ తెల్ల వైన్ చేయొచ్చు. చాలా రకాల్లో రంగు ఉండేది తొక్కలోనే. రసం పిండి వెంటనే తొక్క తీసేస్తే సరి. షాంపేన్‌లో వాడే మూడు ప్రధాన రకాల్లో రెండు నల్లవే.

* కాబర్నే సోవిన్యో తల్లిదండ్రులెవరో 1990ల దాకా తెలియదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు డీఎన్ఏ పరీక్ష చేసి కాబర్నే ఫ్రాంక్ అనే నల్లద్రాక్షకూ సోవిన్యో బ్లాంక్ అనే తెల్లద్రాక్షకూ పుట్టిందని తేల్చారు.

* ఫ్రాన్స్‌లోని షాతోనఫ్ ద్యు పాప్ ఊళ్లో ద్రాక్షతోటల మీద ఎగిరే పళ్లేలు దిగకూడదంటూ 1954లో మేయరు ఉత్తర్వు ఇచ్చాడు. ఇంతవరకూ ఎవరూ ఉల్లంఘించలేదట!

పేరు వెనక ఊరు

ఇంత తేడా మట్టిదే అయినప్పుడు ఆ మట్టి పేరును కాపాడుకోవాలి కదా. 1855లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం బోర్డో తోటలకు ర్యాంకులిచ్చారు. చిన్నాచితకా సవరణలు తప్ప ఆ జాబితా నేటికీ చెల్లుతోంది. 1935లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి చట్టం చేసింది. ఫలానా ఊరి పేరు సీసా మీద వేయాలంటే ఆ హద్దుల్లోనే పండించాలి. అక్కడ అనుమతించిన రకాలనే నాటాలి. ఎకరాకు ఎంత దిగుబడి తీయాలన్నదానికీ పరిమితి ఉంటుంది.

ఈ ఆలోచనే తర్వాతి రోజుల్లో భౌగోళిక గుర్తింపుగా లోకమంతా పాకింది. గుంటూరు సన్న మిర్చికీ, 2017లో బనగానపల్లె మామిడికీ దక్కిన గుర్తింపు ఆ కోవలోదే. రుచి ఫలానా ఊరి సొత్తు అని చట్టం ఒప్పుకోవడమది.

పురుగు నేర్పిన పాఠం

ఊరికీ తీగకూ ఉన్న ఈ బంధం ఒకసారి తెగిపోయేదాకా వచ్చింది. 1860ల్లో ఫ్రాన్స్ దక్షిణాన తోటలు ఉన్నట్టుండి ఎండిపోసాగాయి. ఎందుకో అర్థంకాలేదు. చచ్చిన తీగను పీకితే ఏమీ కనిపించేది కాదు. 1868లో వృక్షశాస్త్రవేత్త ప్లాంకాన్ బృందం బతికున్న తీగ వేళ్లను తవ్వి చూసింది. పేనుబంకను పోలిన చిన్న పసుపు పురుగులు గుంపులుగా వేళ్లను పీలుస్తూ కనిపించాయి. దాని పేరు ఫైలోక్సెరా. అమెరికా నుంచి తెచ్చిన మొక్కలతోపాటు ఓడెక్కి వచ్చింది. మందు కనిపెట్టినవాళ్లకు ప్రభుత్వం లక్షల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. ఏ మందూ పనిచేయలేదు.

విరుగుడు కూడా అమెరికా నుంచే వచ్చింది. అక్కడి అడవి ద్రాక్ష వేళ్లు ఆ పురుగును తట్టుకుంటాయి. ఆ వేరు మీద ఐరోపా కొమ్మను అంటు కడితే సరి అనుకున్నారు. మళ్లీ మట్టి అడ్డుపడింది! సున్నపు నేలల్లో ఆ అమెరికా వేళ్లు బతకలేదు. చివరికి టెక్సస్‌లోని సున్నపు నేలల్లో మొలిచే అడవి రకాలను మన్సన్ అనే శాస్త్రవేత్త చూపించాక సమస్య తీరింది. ఫ్రాన్స్ ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారమిచ్చి కృతజ్ఞత చాటుకుంది. ఇవాళ ఐరోపాలో చాలా తోటలు అమెరికా వేళ్ల మీద నిలబడ్డవే. రొమానీ కోంటి తన పాత తీగలను మందులతో ఎలాగోలా నెట్టుకొచ్చి, 1945 కోత తర్వాత పీకేయక తప్పలేదు. వేలంలో కోట్లు పలికింది ఆ ఆఖరి కాపు సీసానే.

ఈ గందరగోళానికి కాస్త ముందే బోర్డో నుంచి చిలీకి కొన్ని కొమ్మలు చేరాయి. ఒకవైపు ఆండీస్, మరోవైపు సముద్రం, ఉత్తరాన అటకామా ఎడారి... ఆ కోటలోకి పురుగు చొరబడలేదు. బోర్డోలో దాదాపు కనుమరుగైపోయిన కార్మెనేర్ రకం చిలీలో మెర్లో పేరుతో చలామణీ అవుతోందని 1994లో బుర్సికో అనే ఫ్రెంచి నిపుణుడు గుర్తుపట్టాడు. వందేళ్లకు పైగా మారుపేరుతో బతికిన ద్రాక్షకు అసలు పేరు దొరికింది!

చర్చి పద్దుల్లో ఎండల లెక్క

పురుగు అయితే కంటికి కనిపించింది. ఇప్పుడు వచ్చిన ముప్పు కనిపించేది లెక్కల్లోనే. బర్గండీలోని బోన్ పట్టణంలో ఆ లెక్కలు భద్రంగా ఉన్నాయి. చర్చి పద్దులు, నగర మండలి దస్తావేజులు, తర్వాతి రోజుల్లో వార్తాపత్రికలు... వీటిలో ఏటా కోతలు ఏ రోజు మొదలయ్యాయో, కూలీలకు ఎప్పుడు డబ్బులిచ్చారో నమోదై ఉంది. 1354 నుంచి 2018 వరకు! పరిశోధకులు వాటన్నింటినీ వరసగా పేర్చి 2019లో ప్రచురించారు.

1354 నుంచి 1987 వరకు సగటున సెప్టెంబరు 28న కోతలు మొదలయ్యేవి. 1988 నుంచి ఆ తేదీ 13 రోజులు ముందుకు జరిగింది. ఐరోపాను వడగాలులు వణికించిన 2003లోనైతే ఆగస్టులోనే కత్తెరలు పట్టాల్సి వచ్చింది. పాత రోజుల్లోనూ వేడి సంవత్సరాలు ఉన్నాయి. కానీ అప్పుడు అరుదు, ఇప్పుడు మామూలు.

పదమూడు రోజులే కదా అనిపించొచ్చు. కానీ పండు ఎండ తగ్గే వేళ నెమ్మదిగా పక్వానికి రావాల్సింది పోయి నడివేసవిలో ఉడికినట్టు పండుతోంది. చక్కెర పెరిగి పులుపు పడిపోతోంది. త్రాసు ఒకవైపే ఒరుగుతోంది. బోర్డోలో ఒకప్పుడు 12 శాతం చుట్టూ ఉండే ఆల్కహాల్ ఇప్పుడు తరచూ 14 తాకుతోంది. కాలిఫోర్నియాలోని నాపా లోయలో 2020లో కార్చిచ్చుల పొగ పండుకు పట్టడంతో చాలామంది ఆ ఏడాది ఎర్ర వైన్ చేయడమే మానుకున్నారు. అట్లాంటిక్ గాలుల నుంచి బోర్డోను కాపాడే పైన్ అడవుల వైపు 2022 జులైలో మంటలు లేచి 20 వేల హెక్టార్లకు పైగా కాలిపోయాయి.

ఎండలు పెరిగితే చలి బాధ తప్పుతుందనుకుంటే అదీ లేదు. 2021 మార్చి వెచ్చగా ఉండటంతో ఫ్రాన్స్‌లో తీగలు తొందరపడి చిగురేశాయి. ఏప్రిల్‌లో ఒక్కసారిగా మంచు పడింది. రైతులు రాత్రంతా తోటల్లో వేలకొద్దీ కొవ్వొత్తి డబ్బాలు వెలిగించారు. కొన్నిచోట్ల చిగుళ్ల మీద నీళ్లు చల్లారు. చలికి నీళ్లు చల్లడమేంటి అనిపిస్తుంది గానీ, నీరు గడ్డకట్టేటప్పుడు కాస్త వేడిని వదులుతుంది. ఆ మంచు పొరే చిగురుకు దుప్పటి అవుతుంది. అంత చేసినా ఆ ఏడాది దిగుబడి దారుణంగా పడిపోయింది.

ఊరు కదలదు... మరి?

రైతు ముందున్న దారులు మూడే. మొక్కను మార్చడం, చోటు మార్చడం, పద్ధతి మార్చడం.

బోర్డో మొదటి దారి పట్టింది. వేడిని, తెగుళ్లను తట్టుకుంటాయని 2021లో ఆరు కొత్త రకాలకు అధికారిక అనుమతి వచ్చింది. వాటిలో పోర్చుగల్ ద్రాక్ష తూరీగా నాసియోనాల్ ఒకటి. అయితే తోటలో అయిదు శాతం, వైన్‌లో పది శాతం మించకూడదు. సీసా మీద వాటి పేరు వేయకూడదు. అంటే ఇంటికి కొత్త మనుషులను రానిచ్చారు గానీ గడప దగ్గరే కూర్చోబెట్టారు.

రెండో దారి పట్టినవాళ్లు కొండలెక్కుతున్నారు, ఉత్తరానికి నడుస్తున్నారు. స్పెయిన్‌లో టోరెస్ కుటుంబం పిరనీస్ పర్వతాల పాదాల దగ్గర, సుమారు 950 మీటర్ల ఎత్తున తోటలు వేసింది. షాంపేన్‌కు చెందిన తైతింజే సంస్థ 2015లో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో భూములు కొంది. షాంపేన్ సుద్దపొర సముద్రం అడుగు నుంచి సాగి దక్షిణ ఇంగ్లండ్‌లో మళ్లీ పైకి తేలుతుంది. మట్టి ముందునుంచీ ఉంది, ఎండే చాలేది కాదు. ఇప్పుడు ఆ లోటూ తీరుతోంది. బ్రిటన్‌లో ద్రాక్షతోటల విస్తీర్ణం 4 వేల హెక్టార్లు దాటింది. కానీ అక్కడ చేసిన వైన్‌ను షాంపేన్ అనడానికి వీల్లేదు. మొక్కను తీసుకెళ్లొచ్చు, పనివాణ్ని తీసుకెళ్లొచ్చు... ఊరి పేరును మాత్రం మూటగట్టుకుని పోలేం.

మూడో దారి పాతదే. గుత్తులకు నీడ పడేలా ఆకు వదలడం, తెల్లవారకముందే కోయడం, వరసల మధ్య గడ్డి పెంచి నేల తేమను కాపాడటం, కరవును తట్టుకునే వేరు మీద అంటు కట్టడం. చాలామంది చిన్న రైతులకు అందుబాటులో ఉన్నది ఇదొక్కటే. కొండ మీద భూమి కొనే స్తోమత అందరికీ ఉండదు కదా.

కానీ దానికీ హద్దుంది. 2024లో వెలువడిన ఓ శాస్త్రీయ సమీక్ష ప్రకారం భూతాపం రెండు డిగ్రీలు దాటితే స్పెయిన్, ఇటలీ, గ్రీసు, దక్షిణ కాలిఫోర్నియాల్లో తీరాల వెంబడి, పల్లపు ప్రాంతాల్లో ఉన్న సంప్రదాయ ద్రాక్ష సీమల్లో సుమారు 90 శాతం ఈ శతాబ్దం చివరికి కనుమరుగయ్యే ప్రమాదం ఉంది. 2023లో ప్రపంచ వైన్ ఉత్పత్తి సుమారు 2,370 కోట్ల లీటర్లకు పడిపోయింది. 1961 తర్వాత అంత తక్కువ అప్పుడే. 2024లో అంతకన్నా తగ్గింది.

వైన్ లేకపోతే లోకానికి వచ్చే నష్టం పెద్దగా లేదు. అన్నం లాంటిది కాదది. కానీ ఏ మడిలో ఏ మొక్క, ఏ గట్టున ఏ పంట అని తరతరాలు కూడబెట్టిన తెలివి పనికిరాకుండా పోవడం మాత్రం చిన్న విషయం కాదు. ద్రాక్ష సున్నితమైనది కాబట్టి ముందుగా చెబుతోంది. అరడిగ్రీ తేడాకే రుచి మార్చుకుని కబురు పంపుతోంది. వరి, మామిడి, మిర్చి పండించే ఊళ్లకూ ఆ కబురు వర్తిస్తుంది. నేల ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాని మీది గాలి మాత్రం మునుపటిది కాదు.